తాత మెడల్స్, నల్ల పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇండ్లల్లో ఫౌజులో పనిచేసిన తాతల పాత మెడల్స్ ఎక్కువగా రెండు సందర్భాల్లో బయటపడతాయి. ఒకటి పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు, రెండు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు. రెండింట్లోనూ అందరికీ తొందరే. ఆ తొందరలో పోయేవి మెడల్స్ కాదు, వాటి మీది సర్వీసు నంబరు అంకెలు. కింది జవాబులన్నీ ఆ అంకెల చుట్టే తిరుగుతాయి.

సందుగుల నాలుగు బిళ్ళలు దొరికినయి, నల్లగయినయి. మొదలు ఏం చెయ్యాలె?

తోమకండి. దసరాకు ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి రుద్దితే మెడల్ తళతళలాడుతుంది. కానీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. అవి వెంట్రుకంత లోతు కూడా ఉండవు. నాలుగైదు పండుగలు తోమిన వెండి మెడల్ అంచు తడిమి చూస్తే నున్నగా తగులుతుంది. అక్కడ ఒకప్పుడు తాత పేరు ఉండేది. వెండి మీది నలుపు తుప్పు కాదు, గాలిలోని గంధకం పట్టి ఏర్పడిన పొర. ఉన్నా నష్టం లేదు.

రెండో పని, దొరికినవి దొరికినట్టే ఫోన్లో ఫొటోలు తీయండి. ఏ మెడల్ పక్కన ఏది ఉంది, ఏ రిబ్బన్ దేనికి ఉంది, డబ్బాలో ఇంకేం కాగితాలున్నాయి, అన్నీ రావాలి. విడదీశాక ఆ వరుస మళ్ళీ గుర్తుండదు.

పేరు ఎక్కడ ఉంటది? ముందూ వెనుకా రాజు బొమ్మ, సింహాల బొమ్మే ఉన్నది.

గుండ్రటి మెడల్‌కు అంచు మీద ఉంటుంది. రూపాయి బిళ్ళను నిలబెడితే బల్లకు ఆనే భాగం ఉంటుంది కదా, అక్కడ. నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక్కి తిప్పి చూడండి.

మామూలు వెలుతురులో ఆ అక్షరాలు కనబడవు. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని పై నుంచి కాకుండా పక్కనుంచి, అంచుకు దాదాపు సమాంతరంగా పట్టండి. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దం ఉంటే చాలు. మెడల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఆరు నుంచి ఎనిమిది ఫొటోలు తీస్తే చుట్టూ వస్తుంది. అయినా చదవరాకపోతే అంచు మీద పలచటి బటర్ పేపర్ వేసి మెత్తని పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. సుద్దపొడి, పసుపు, పిండి నింపకండి. అవి గాట్లలో ఇరుక్కుని తేమ పట్టి ఉంచుతాయి.

మెడల్స్ అన్నీ ఒక అట్ట మీద కుట్టేసి ఉంటే అంచు కనబడదు. కుట్లు తెంపకండి. పక్కనుంచి అద్దంతో చూడండి, లేదా మెడల్స్ కుట్టడం తెలిసిన దర్జీ దగ్గరే విప్పించండి.

అంచు మీద ఉన్నది ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు. అర్థం ఏంది?

సాధారణంగా వరుస ఇది: నంబరు, హోదా, పేరు, దళం. హోదాలో ఎస్‌ఈపీ అంటే సిపాయి, ఎన్‌కే నాయక్, ఎల్ ఎన్‌కే లాన్స్ నాయక్, హెచ్‌ఏవీ హవల్దార్. జీఎన్ఆర్ అంటే గన్నర్, అంటే తోపుల దళం. ఎస్‌పీఆర్ సాపర్, వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే ఇంజినీర్ల దళం. సీఎఫ్‌ఎన్ క్రాఫ్ట్స్‌మన్, బండ్లు, ఆయుధాలు మరమ్మతు చేసే ఈఎంఈ. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే సవార్, గుర్రపు దళం. తర్వాతి కాలంలో ట్యాంకుల దళం. జేఈఎం అని ఉంటే జమాదార్. ఈ హోదా పేరును 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చారు. కాబట్టి జమాదార్ అని ఉన్న మెడల్ అంతకు ముందుకాలపు మనిషిది అనుకోవచ్చు. నంబరు ముందు జేసీ ఉంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, ఐసీ ఉంటే పర్మనెంట్ కమిషన్ ఉన్న ఆఫీసర్. నంబరు చివర ఒక ఇంగ్లిష్ అక్షరం కనబడితే దాన్ని వదిలేయకండి. అంకెల్లో తప్పు పట్టడానికి పెట్టిన అక్షరం అది, నంబరులో భాగమే.

పేరు తెలుసు కదా, నంబరు ఎందుకు అంత ముఖ్యం?

కొమురయ్య అనే పేరు తీసుకోండి. మన దగ్గర ఊరికి నలుగురు. సైన్యంలో రాసుకున్న గుమాస్తాకు తెలుగు రాదు. చెవికి ఎట్లా వినబడితే అట్లా రాశాడు: కొమ్రయ్య, కోమరయ్య, కుమరియా. ఒకే మనిషి రెండు మెడల్స్ మీద రెండు రకాలుగా ఉండటం కూడా మామూలే. ఇంటిపేరు అసలే ఉండకపోవచ్చు, ఉంటే ఒక్క అక్షరం. నంబరు మాత్రం సాధారణంగా ఒకటే. సైనికుల సర్వీసు కాగితాలు దాచే రికార్డు ఆఫీసు అల్మారాలో వెతికేది నంబరుతో, పేరుతో కాదు. పైగా నంబర్లను దళాల వారీగా కేటాయించేవారు కాబట్టి నంబరును బట్టే ఏ దళమో చెప్పగలుగుతారు.

ఊరి పేరుతోనూ ఇదే తంటా. కాగితాల్లో 'జిల్లా వరంగల్' అని ఉన్న ఊరు ఇప్పుడు జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో, ములుగులోనో ఉండవచ్చు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది. దరఖాస్తులో పాత తాలూకా, పాత జిల్లా, పోస్టాఫీసు పేరు రాసి, ఇప్పటి జిల్లా పక్కన రాయండి. రికార్డులో ఉన్నది పాతదే.

మా మెడల్ మీద అసలు పేరే లేదు. దొంగదా?

కానవసరం లేదు. రెండో ప్రపంచ యుద్ధపు మెడల్స్ బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారతీయులకు ఇచ్చిన వాటి మీద పేరు కొట్టే పద్ధతి ఉండేది, అయినా పేరు లేనివీ ఇండ్లల్లో కనబడతాయి. స్వాతంత్ర్యం తర్వాతి మెడల్ మీద పేరు లేకపోతే అది చాలావరకు కంటోన్మెంట్ దుకాణంలో కొన్నదే. అసలు మెడల్ అందేలోపు పరేడ్‌కు కావాలని, లేదా పోగొట్టుకుని, సైనికులు కొనుక్కునేవారు. మెడల్ కొన్నదైనా, ఆ గౌరవం ఆయనకు దక్కినదే కావచ్చు. తేల్చేది సైన్యం నుంచి దిగేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్కు.

అనుమానించాల్సింది ఇంకో రకాన్ని: పాత పేరు గీకి కొత్త పేరు కొట్టినది. గీకితే అంచు కొంచెం పలచబడుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగుచోట్ల వ్యాసం కొలవండి. పాత బ్రిటిష్ గుండ్రటి మెడల్స్ దాదాపు 36 మిల్లీమీటర్లు ఉంటాయి. పేరున్నచోట తక్కువ వస్తే ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఏ మెడల్ దేనికిచ్చారో ఎట్ల తెలుస్తది?

విడివిడిగా ఒక్కోదాన్ని గుర్తుపట్టడం సులువు. అసలు పని వాటిని కలిపి చదవడంలో ఉంది, ఏది ఉంది, ఏది లేదు అని.

మొదటి ప్రపంచ యుద్ధానివి సాధారణంగా జంటగా వస్తాయి. ఐదో జార్జి తల ఉన్న వెండి బ్రిటిష్ వార్ మెడల్, దాని రిబ్బన్ మధ్యలో నారింజ, అటూ ఇటూ తెలుపు, నలుపు, చివర నీలం. ఇంద్రధనుస్సు రిబ్బన్‌తో, రెక్కల దేవత బొమ్మతో కంచు విక్టరీ మెడల్. వార్ మెడల్ వెండికి బదులు కంచుది అయితే ఆయన సిపాయి కాకుండా కూలీ దళంలోనో, పరిచారక వర్గంలోనో వెళ్ళి ఉండవచ్చు. తక్కువ చేసి చూడకండి. బరువు మోసినవాళ్ళూ అక్కడే చనిపోయారు. చాలా ఇండ్లలో కంచుదే మిగలడానికి ఒక కారణం ఉంది: వెండిది కరిగించి కడియమో, మట్టెలో చేయించుకున్నారు.

రెండో యుద్ధంలో ఆరు మొనల నక్షత్రాలు వచ్చాయి. 1939-45 స్టార్ రిబ్బన్ ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, పసిఫిక్ స్టార్ ఎక్కడ పోరాడాడో చెబుతాయి. నక్షత్రం ఒక్కటీ లేకుండా వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ మాత్రమే ఉంటే మనిషి దేశం దాటకుండా డిపోలోనో, శిక్షణ కేంద్రంలోనో పనిచేసి ఉంటాడు. ఇండియా సర్వీస్ మెడల్‌కు మూడేళ్ళ సర్వీసు కావాలి. 'తాత బర్మా లడాయిల కొట్లాడిండు' అని ఇంట్లో చెబుతుంటే, బర్మా స్టార్ లేకపోతే, ఆ మాటను పక్కన పెట్టి కాగితం కోసం చూడండి.

స్వాతంత్ర్యం తర్వాతివి ఇంకా బాగా మాట్లాడతాయి. చాలావాటి మీద మెడల్ పేరు హిందీలోనే ఉంటుంది. ఒక ఉదాహరణ: డబ్బాలో రక్షా మెడల్ 1965, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 9 ఏళ్ళ సర్వీసు మెడల్, 'హిమాలయ' పట్టీతో సైన్య సేవా మెడల్ ఉన్నాయి అనుకుందాం. రక్షా మెడల్ ఉంది కాబట్టి 1965 నాటికే చేరాడు. పశ్చిమీ స్టార్ 1971 యుద్ధంలో పడమటి సరిహద్దుది. బంగ్లాదేశ్ వైపు వెళ్ళినవారికి పూర్వీ స్టార్. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవారికి విస్తృతంగా ఇచ్చారు, అది ఉన్నంత మాత్రాన సరిహద్దులో ఉన్నాడని కాదు. 25వ వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి. 20 ఏళ్ళ మెడల్ లేదు, కాబట్టి 9 దాటి 20 లోపు దిగిపోయి ఉంటాడు. 1965లో కచ్‌లో గానీ యుద్ధ రంగంలో గానీ ఉండి ఉంటే సమర్ సేవా స్టార్ ఉండేదేమో, అది లేదు. కాగితం ఒక్కటీ చూడకుండానే మనిషి సర్వీసు దాదాపు గీత గీసినట్టు వచ్చింది. ఇప్పుడు ఇందులోంచి రెండు మెడల్స్ తమ్ముడి వాటాకు పోయాయని ఊహించుకోండి, ఈ లెక్క ఇక కుదరదు.

మెడల్ మీద '19 హైదరాబాద్ రెజిమెంట్' అని ఉన్నది. నిజాం ఫౌజుల చేసిండా?

మన ప్రాంతంలో అందరూ పడే బోల్తా ఇది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది, నిజాం సొంత సైన్యానిది కాదు. పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఆ పేరు వచ్చింది గానీ తర్వాత అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్ అయింది. ఇప్పుడు దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. దీని కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతికితే దొరకవు.

నిజాం సైన్యం వేరు. మొదటి యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌గా ఈజిప్టు, పాలస్తీనాల్లో ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటే ఈ మూడు సంస్థానాల గుర్రపు దళాల గుర్తే. రెండో యుద్ధంలో 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయాలో కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉండగా 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు దిగాయి. అక్కడ ఉన్నవారి మెడల్స్‌లో బర్మా స్టార్ కాదు, పసిఫిక్ స్టార్ కోసం చూడాలి. ఇంకో గుర్తు: 1947 స్వాతంత్ర్య మెడల్ భారత సైన్యంలో, అప్పటికి దేశంలో కలిసిన సంస్థానాల సైన్యాల్లో ఉన్నవారికి ఇచ్చారు. హైదరాబాద్ 1948 సెప్టెంబరు దాకా కలవలేదు, కాబట్టి ఆ మెడల్ ఉంటే అప్పటికి ఆయన నిజాం సైన్యంలో లేడనుకోవచ్చు.

సరదాకు ఒక మాట. కంపెనీ కాలంలో ఉత్తరాదిన ఎర్రకోటు సిపాయిని, ఏ ఊరివాడైనా సరే, 'తిలంగా' అనేవారు. ఆ వేషంలో వాళ్ళు మొదట చూసింది మన తెలుగువాళ్ళనే మరి.

బిళ్ళ మీద ఉర్దూ ఉన్నది, సంవత్సరం 1346 అని ఉన్నది.

మొదట అది మెడలా, రూపాయా చూడండి. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయికి కొక్కెం అతికించి దండలో వేసుకోవడం మన దగ్గర మామూలు. కొక్కెం దగ్గర సీసం టాంకా ముద్దలా కనబడితే అది నాణెమే.

మెడలే అయితే ఆ సంవత్సరం హిజ్రీదా, ఫస్లీదా తేల్చాలి. నిజాం దఫ్తర్లలో ఫస్లీ నడిచేది. ఆ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి డిసెంబరు దాకా దానికి 590, జనవరి నుంచి 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అంటే 1346 ఫస్లీ 1936-37. అదే 1346 హిజ్రీ అయితే 1927-28. తొమ్మిదేళ్ళ తేడా, తండ్రి మెడల్ కొడుకు ఖాతాలో పడటానికి అది చాలు. ఉర్దూ చదవగలిగినవాళ్ళతో మొత్తం రాయించుకోండి, అంకెలు ఒక్కటే కాదు.

నిజాం సైన్యపు దస్తావేజులకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. చాలాభాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. వెళ్ళేముందు దళం పేరు, ఫస్లీ సంవత్సరం రెండూ రాసుకుని వెళ్ళండి. 'మా తాత ఫౌజుల చేసిండు' అంటే వాళ్ళు ఏ కట్ట తీయాలి?

రికార్డు ఆఫీసుకు ఎట్ల రాయాలె? ఏది మన రికార్డు ఆఫీసు?

దళాన్ని బట్టి. తోపుల దళం రికార్డులు నాసిక్ రోడ్ క్యాంపులో, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి) కోర్‌వి సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లవి బెంగళూరులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, మెడికల్ కోర్‌వి లక్నోలో. వైమానిక దళానికి ఢిల్లీ సుబ్రతో పార్క్. రిటైరయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్ళీ చేరినవాళ్ళు మన దగ్గర చాలామంది. వాళ్ళకు రెండో నంబరు ఉంటుంది, ఆ రికార్డులు కన్నూర్‌లో. రెండుచోట్లా రాయాలి.

ఉత్తరం ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ, ఒక పేజీ దాటకుండా రాయండి. పైన నంబరు, హోదా, రికార్డులో ఉన్న స్పెల్లింగుతో పేరు, దళం, చేరిన, దిగిన సంవత్సరాలు. తర్వాత మీ బంధుత్వం. జత చేయాల్సినవి: మరణ ధ్రువపత్రం, మీసేవలో తీసిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ ఆధార్ నకలు, అంచు ఫొటోల ప్రింట్లు. 'పూర్తి వివరాలు పంపండి' అని రాస్తే పూర్తిగా ఏమీ రాదు. విడివిడిగా అడగండి: ఏ ఏ యూనిట్లలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, దక్కిన మెడల్స్ జాబితా, అందులో ఇచ్చినవి ఏవి, ఇవ్వకుండా మిగిలినవి ఏవి, డిశ్చార్జ్ తేదీ, కారణం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

వచ్చే జవాబుల్లో అందరినీ నీరుగార్చేది ఒకటి ఉంది: 'గడువు తీరినందున సర్వీసు పత్రాలు నాశనం చేయబడినవి'. పెన్షన్ లేకుండా వచ్చేసినవారి పత్రాలను 25 ఏళ్ళ తర్వాత తీసేయడం సైన్యం నిబంధన, కాబట్టి అది సాకు కాదు. కానీ అక్కడితో ఆగిపోకండి. లాంగ్ రోల్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది, పత్రాలు పోయినా అది ఉంటుంది. చేరిన తేదీ, దిగిన తేదీ, కారణం లాంటి ముక్కలు అందులో ఒక వరుసలో ఉంటాయి. 'లాంగ్ రోల్ ఎంట్రీ నకలు ఇవ్వగలరు' అని ఆ మాటే వాడి మళ్ళీ రాయండి.

సమాచార హక్కు కింద అడగొచ్చా?

అడగొచ్చు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల గడువు, కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్‌లోనే పెట్టవచ్చు. మా సలహా: మొదట మామూలు ఉత్తరం. ఆర్‌టీఐలో వ్యక్తిగత సమాచారం అని తిరస్కరించే వీలుంది, మామూలు ఉత్తరానికి వారసులన్న హోదాలో జవాబు వస్తుంది. రెండు నెలలు చూసి జవాబు రాకపోతే అప్పుడు ఆర్‌టీఐ. అందులోనూ బంధుత్వ రుజువు జత చేయండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

నంబరు లేదు, మెడల్స్ లేవు, కాగితాలు లేవు. ఏం మిగిలింది?

నల్ల పెట్టె మిగిలి ఉంటుంది. సెలవుకు వచ్చినప్పుడు భుజాన వేసుకుని కాజీపేటలో దిగిన ఆ రేకు సందుగు ఇప్పుడు బియ్యానికో, పాత బట్టలకో వాడుతుంటారు. మూత మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు, యూనిట్, ఒక్కోసారి దిగాల్సిన స్టేషన్ పేరు కూడా రాసి ఉంటుంది. పైన మళ్ళీ పెయింట్ వేసి ఉంటే గోకకండి. పక్కనుంచి టార్చి వేస్తే కింది అక్షరాల మందం ఉబ్బెత్తుగా కనబడుతుంది. మూత లోపలి వైపు కూడా చూడండి.

తర్వాత అవ్వ పెన్షన్ పుస్తకం. పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు కాగితం మీద నంబరు, హోదా, రికార్డు ఆఫీసు అన్నీ ఉంటాయి. అది పోయినా పెన్షన్ వచ్చే బ్యాంకులో పీపీఓ నంబరు ఉంటుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల, వారి భార్యల నమోదు ఉంటుంది; తాత ఎప్పుడైనా గుర్తింపు కార్డు తీసుకుని ఉంటే అక్కడ నంబరు దొరుకుతుంది. ఇంకో దారి, ఆయనతో కలిసి చేరిన పక్కూరి మనిషి. ఒకే రోజు భర్తీ అయినవాళ్ళ నంబర్లు పక్కపక్కనే పడేవి, కాబట్టి ఆయన నంబరు చెప్పి 'దీనికి అటూ ఇటూ చూడండి' అని అడగవచ్చు.

ఉత్తరాల మీద '56 ఏపీఓ' అని ఉన్నది. అది ఏ ఊరు?

ఊరు కాదు, ఆర్మీ పోస్టాఫీసు. సైనికుడు ఎక్కడున్నాడో తెలియకూడదనే ఆ చిరునామా. 56 అంటే ఢిల్లీ మీదుగా, 99 అంటే కోల్‌కతా మీదుగా పోయే సైనిక టపా. మీకు కావాల్సింది దానికి ముందు రాసిన యూనిట్ పేరు, ముద్రలో ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) పక్కనున్న నంబరు, తేదీ. స్టాంపు కోసం కవరు మూల కత్తిరించారా, ముద్ర పోయింది.

యుద్ధంల చనిపోయిండు, శవం రాలేదు. పేరు ఎక్కడన్న ఉంటదా?

రెండు ప్రపంచ యుద్ధాలకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకవచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో చనిపోయినవారు అందులో ఉంటారు. ఇంటిపేరుతో వెతికితే మనవాళ్ళు దొరకరు. సర్వీసు నంబరుతో వెతకండి, లేకపోతే అదనపు సమాచారం గడిలో ఊరి పేరు, తండ్రి పేరు రకరకాల స్పెల్లింగులతో కొట్టండి. సమాధి లేనివారి పేర్లు స్మారకాల మీద ఉంటాయి: మలయాలో పోయినవారివి సింగపూర్ క్రాంజిలో, బర్మావి టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద.

స్వాతంత్ర్యం తర్వాత పోరాటాల్లో అమరులైనవారి పేర్లు ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ్ చక్ర గోడల మీది గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. 2019లో ప్రారంభమైన ఆ స్మారకానికి వెబ్‌సైట్లోనూ పేరు వెతికే వీలుంది.

తాతకు పరమవీర చక్ర వచ్చిందంటరు ఊర్ల.

పరమవీర చక్ర పొందినవారు ఇప్పటికి 21 మందే, అందరి పేర్లూ బహిరంగమే. ఊళ్ళో ఏ మెడల్‌నైనా 'చక్రం' అనడం వల్ల ఈ మాట పుడుతుంది. మహావీర చక్ర, వీర చక్ర లాంటివి నిజంగా వచ్చి ఉంటే రక్షణ శాఖ శౌర్య పురస్కారాల పోర్టల్‌లో, భారత గెజెట్‌లో తప్పకుండా ఉంటుంది. బ్రిటిష్ కాలపు శౌర్య పతకాలకు లండన్ గెజెట్ చూడండి.

డిశ్చార్జ్ బుక్కు చినుగుతున్నది. లామినేషన్ చేయిస్తే మంచిదేనా?

వద్దు. దీని మీద మాత్రం మేం మెత్తగా చెప్పం. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరిగి దిగుతుంది, మళ్ళీ ఊడదీయలేం. కాపీయింగ్ పెన్సిల్ రాత, రబ్బరు ముద్రల సిరా ఆ వేడికి పాకవచ్చు. లోపల చిక్కిన తేమతో కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. సెల్లోటేప్ కూడా అంతే, పదేళ్ళలో జిగురు పసుపు మరకై మిగులుతుంది. 600 డీపీఐలో రెండు వైపులా, ఖాళీ పేజీలతో సహా స్కాన్ చేయించి, పేజీలు విడివిడిగా ఆమ్లం లేని కాగితంలో పెట్టి, గట్టి ఫైలులో పడుకోబెట్టండి. ఇప్పటికే లామినేట్ చేయించి ఉంటే అంచులు కత్తిరించకండి. అట్లాగే స్కాన్ చేసి చీకట్లో ఉంచండి.

మెడల్స్ ఎట్ల దాచాలె?

ఉతికి గంజి పెట్టని నూలు గుడ్డలో ఒక్కోదాన్ని విడిగా చుట్టి, రేకు డబ్బాలో, 10 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి. వానాకాలం పోయాక పొట్లాలు మార్చండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకు జిగటగా ఆకుపచ్చ నీరు కారుతాయి. రబ్బరు బ్యాండు వెండి మీద నల్ల గీత వేస్తుంది. న్యూస్‌పేపర్ కూడా వద్దు. కంచు నక్షత్రం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, వెదురు పుల్లతో పొడిపొడిగానే తీసి, పొడి డబ్బాలో ఒంటరిగా ఉంచండి. నీళ్ళు తగిలితే ముదురుతుంది.

రిబ్బన్ చినిగినా పారేయకండి. కొత్తది సాధారణంగా 32 మిల్లీమీటర్ల వెడల్పు దొరుకుతుంది. మెడల్‌కు కొత్తది కట్టి, పాతది కవరులో పెట్టి మీద ఏ మెడల్‌దో రాయండి.

పోయిన మెడల్ మళ్ళ ఇస్తరా?

ఇవ్వకుండా మిగిలినదైతే రికార్డు ఆఫీసు వారసులకు పంపగలదు. అందుకే పై ఉత్తరంలో 'ఇవ్వకుండా మిగిలినవి' అని అడగమన్నది. ఇచ్చాక పోయినదైతే డూప్లికేట్‌కు డబ్బు కట్టాలి, పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్ అడుగుతారు. ముందు రికార్డు ఆఫీసును అడిగి, వాళ్ళు చెప్పిన నమూనాలోనే అఫిడవిట్ రాయించండి.

సందుగుల తూటాలు, కత్తి కూడా ఉన్నయి.

తూటా గానీ, గ్రెనేడ్ లాంటిది గానీ కనబడితే ముట్టకండి, ఊపకండి, బండి మీద స్టేషన్‌కు తీసుకుపోకండి. 112కు ఫోన్ చేయండి. పాత తుపాకీకి లైసెన్సు లేకుండా ఇంట్లో ఉండే వీల్లేదు, వారసత్వం అయినా సరే. పొడవాటి కత్తి విషయం స్టేషన్‌లో రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి.

అమ్ముకోవచ్చా? ఆన్‌లైన్ల విదేశాలోళ్ళు అడుగుతున్నరు.

వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నేరం. మొదటి యుద్ధపు మెడల్స్ ఆ గీత దాటాయి. దేశంలో అమ్మదలుచుకున్నా, అంచు ఫొటోలు, కాగితాల స్కాన్లు ఉంచుకున్నాకే. వెండి తూకానికి మాత్రం ఇవ్వకండి.

అన్నదమ్ములు నలుగురం. ఎట్ల పంచుకోవాలె?

పంచుకోకండి. సెట్టు ఒకరి దగ్గర, డిశ్చార్జ్ బుక్కుతో పాటు ఉండాలి. మిగతా ముగ్గురికి కొత్తగా చేయించిన నకలు మెడల్స్ ఫ్రేము కట్టించి, స్కాన్లు ఇవ్వండి. ఎవరి దగ్గర ఏముందో ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. ఆ కాగితంలో ప్రతి మెడల్ అంచు మీది రాత ఉన్నది ఉన్నట్టు, తప్పు స్పెల్లింగుతో సహా ఎక్కించండి.

మనుమలు పెట్టుకోవచ్చా?

చనిపోయిన సైనికుడి మెడల్స్‌ను వారసులు కుడి వైపు ఛాతీ మీద పెట్టుకోవడం ఆనవాయితీ. ఎడమ వైపు సంపాదించినవాళ్ళది.